ఇంటర్ చదివే పిల్లల బట్టలు తల్లిదండ్రులే ఉతకాలా?

మియాపూర్ అమ్మ:
మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతున్నారు. ఈ జూన్ నుంచి ఎవరి బట్టలు వారే ఉతుక్కోవాలని ఇంట్లో నియమం పెట్టాను. వాషింగ్ మెషిన్ ఉంది కనుక బండకేసి బాదమని నేనేమీ చెప్పలేదు. జేబులు చూసుకోవడం, తెల్ల చొక్కాలను విడిగా వేయడం, కాలరుకు సబ్బు రుద్దడం, ఆరవేయడం, వాన వస్తే తీయడం, మడతపెట్టడం వారి బాధ్యత. ఇస్త్రీ మాత్రం వీధి చివర బండి దగ్గరికి వెళుతుంది. ఇదంతా నా బద్ధకమని మా అత్తగారు, ఆడపడుచు అంటున్నారు. ఇంత ఎదిగిన పిల్లల బట్టలు ఉతకడం తల్లిదండ్రుల విధి అని మీరు భావిస్తారా? కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గణితం మాస్టారు:
అమ్మా, విధి, బద్ధకం వంటి మాటలు పక్కన పెట్టి కాలం లెక్క చూద్దాం. ఇంటర్ తరువాతి ప్రవేశ పరీక్షను పాత పేరున ఎంసెట్ అనండి, ఇప్పటి పేరున ఈఏపీసెట్ అనండి, ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలకు ఇచ్చేది 3 గంటలు. అందులో 80 ప్రశ్నలు గణితానివే. ఒక్కో ప్రశ్నకు నిమిషంపైన కొద్ది సెకన్లు మాత్రమే దక్కే పరీక్షలో వేగం సాధన వల్ల తప్ప రాదు. ఆదివారం పూట రెండు గంటలు బట్టల దగ్గర గడిస్తే, ఒక నమూనా పరీక్షలో మూడింట రెండు వంతులు పోయినట్లే. బట్టలు ఉతకడం ఏ వయసులోనైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. సమాకలనం (ఇంటిగ్రేషన్) ఒక్క పూటలో రాదు. రెండో సంవత్సరం పిల్లవాడికి ఈ పని పెట్టడం తొందరపాటని నా అభిప్రాయం.

నెల్లూరు వనిత:
మాస్టారు గారూ, మెషిన్ తిరుగుతున్నంతసేపూ పిల్లవాడు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడడు కదా. పక్క గదిలో కూర్చుని మీ సమాకలనమే చేసుకోవచ్చు. నిజంగా పట్టేది రుద్దడానికి, ఆరవేయడానికి, మడతపెట్టడానికి పట్టే సమయమే. అదైనా ఫోనులో చిన్న వీడియోలు చూస్తూ పోగొట్టే సమయం కంటే తక్కువే ఉంటుంది.

డల్లాస్ ప్రవాసి:
ఎమ్మెస్ కోసం ఇక్కడికి వచ్చే మన పిల్లల్లో చాలామంది మొదటి నెలలోనే కొత్త ఎర్ర టీషర్టును తెల్లవాటితో కలిపి వేసి, అన్నీ గులాబీ రంగుకు తెచ్చుకుంటారు. ఒక్క పూటలో నేర్చుకోవచ్చన్నది నిజమే కాని, ఆ పూట ఏదో ఇంటి దగ్గర ఉన్నప్పుడే గడిస్తే మంచిది.

నీళ్ల ట్యాంకరు:
నియమం సంగతి నాకు తెలియదు. ఒక్కొక్కరు విడిగా మెషిన్ వేస్తే నీరు ఎంత ఖర్చవుతుందో ఎవరైనా ఆలోచించారా? టాప్ లోడ్ మెషిన్ అసలే ఫ్రంట్ లోడ్ కంటే ఎక్కువ నీరు తాగుతుంది. పైగా మన బోరు నీటికి నురగ రాదు కనుక పొడి కూడా ఎక్కువ పోయాలి. వేసవిలో ట్యాంకర్లు కొనుక్కునే ఇళ్లలో అందరి బట్టలూ కలిపి వేయడమే మేలు.

గణితం మాస్టారు:
వనిత గారు మెషిన్ దానంతట అదే తిరుగుతుందని అంటున్నారు. అది ఫుల్లీ ఆటోమేటిక్ అయినప్పటి మాట. సెమీ ఆటోమేటిక్ అయితే నీరు పట్టాలి, వదలాలి, తడి బట్టలను చేత్తో తీసి డ్రయ్యర్లో సర్దాలి, మళ్లీ జాడించాలి. మధ్యలో నాలుగైదుసార్లు లేచే పిల్లవాడి ఏకాగ్రత ఏమవుతుంది? మియాపూర్ అమ్మ గారి ఇంట్లో ఉన్నది ఏ రకమో ముందుగా తెలియాలి.

మియాపూర్ అమ్మ:
మాది సెమీ ఆటోమేటికే. ఇన్నేళ్లూ నేను దాని దగ్గరికి లేచి వెళ్లి వస్తూనే ఉన్నాను. నా ఏకాగ్రత సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఖద్దరు సంచి:
గాంధీగారు దక్షిణాఫ్రికాలో తన కాలర్లు తానే ఉతికి గంజి పెట్టుకుంటే, గంజి ఎక్కువై కోర్టులో రాలుతుండగా తోటి బారిస్టర్లు నవ్వారట. అయినా ఆయన మానలేదు.

గణితం మాస్టారు:
అప్పటికి ఆయన బారిస్టరు. రాయవలసిన పరీక్షలన్నీ ముగించుకున్న మనిషి.

చాకిరేవు:
మా తాతల కాలంలో ఊరి బట్టలన్నీ మా ఇంటికే వచ్చేవి. వాటిని చవుడు మట్టి కలిపిన నీళ్లలో తడిపి, బానలో ఉబ్బకు, అంటే ఆవిరికి పెట్టి, తెల్లవారకముందే రేవుకు చేర్చేవారు. తడి మూటలు మోసినవారిలో పదేళ్ల పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లల చదువు ఎన్ని గంటలు పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. ఇక్కడ రెండు గంటల లెక్క చూసి ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

గణితం మాస్టారు:
మీరు చెప్పినది నా వాదనకే బలమండీ. చదువుకోవలసిన పిల్లల నెత్తిన బట్టల మూట ఉండకూడదనే నేనూ అంటున్నాను.

చాకిరేవు:
తమ బట్టలు తాము ఉతుక్కోవడమూ, ఊరందరి బట్టలు ఉతకడమూ ఒకటి కావు. మీరు రెంటినీ ఒకే లెక్కలో కలిపేశారు.

నెల్లూరు వనిత:
మాస్టారు గారు పిల్లవాడు, పిల్లవాడు అని రాస్తున్నారు కనుక నా సంగతి చెబుతాను. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా అన్నయ్య లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నాడు, అంటే ఆ ఏడాది మేమిద్దరం ఒకే ప్రవేశ పరీక్ష రాయాలి. అన్నయ్య జీన్సు ప్యాంట్లు నానిన తరువాత ఎంత బరువుంటాయో నా మణికట్టుకు తెలుసు. ప్రతి ఆదివారం పెరట్లో కుళాయి దగ్గర వాటిని పిండింది నేనే. వాడికి ఏకాగ్రత చెదరకూడదని ఇంట్లో రేడియో కూడా ఆపేశారు. వాడికి సీటు వచ్చింది, నేను డిగ్రీలో చేరాను. బట్టల వల్లే నాకు సీటు రాలేదని నేను అనను. ఆ ఏడాది పోయిన నా గంటలు మాత్రం ఎవరి లెక్కలోనూ లేవు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చించారు. మీరు గణితం చెప్పేవారు కనుక ఈ తేడా చూడండి.

గణితం మాస్టారు:
చూశాను. ఆ లెక్కలో వంట, ఊడ్పు, అన్నీ కలిసి ఉన్నాయి; బట్టలకు పట్టే సమయం విడిగా లేదు. అది ఆరేళ్లు నిండిన అందరి లెక్క, ఇంటర్ పిల్లలది కాదు. పైగా ఆ సగటు ఆ రోజు ఆ పనిలో పాల్గొన్నవారికి మాత్రమే వర్తిస్తుంది. సగటును సందర్భం నుంచి విడదీసి వాడకూడదు.

నెల్లూరు వనిత:
సంతోషం. పాల్గొన్నవారి సగటే అది. మరి ఎందరు పాల్గొన్నారో కూడా అదే సర్వే చెప్పింది: ఆడవారిలో 81.2 శాతం, మగవారిలో 26.1 శాతం. అంటే ఇంటి పని ముట్టని మగవారు ఆ 97 నిమిషాల సగటులోకి రానే లేదు. మీరు చేసిన సవరణ నా మాటనే గట్టిపరిచింది. అన్నయ్య సంగతి చదివిన తరువాత కూడా మీకు సర్వేలో లోపం ఒక్కటే కనిపించిందంటే, నాకు కోపం రావడంలో తప్పు లేదనుకుంటాను.

గణితం మాస్టారు:
కోపం మీకొక్కరికే ఉందనుకోకండి. నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ప్రభుత్వ వసతిగృహంలో పెరిగాను. అందరికీ కలిపి ఒక్కటే కుళాయి, అదీ తెల్లవారుజామున కాసేపే వచ్చేది. ఉన్న రెండు జతల్లో ఒకటి ఆరకపోతే తడి నిక్కరుతోనే తరగతిలో కూర్చున్నాను, వెనక బెంచీవాళ్లు నవ్వితే విన్నాను. బట్టలు ఉతుక్కోవడం వల్ల నాకు స్వావలంబన వచ్చిందని ఎవరైనా చెబితే ఒళ్లు మండుతుంది. నాకు వచ్చినవి దగ్గు, సిగ్గు. నా కొడుకు ఒక్కరోజు కూడా తడి బట్టల ముఖం చూడకూడదని ఆనాడే అనుకున్నాను. అది గారాబమని మీరనుకుంటే అనుకోండి.

నెల్లూరు వనిత:
మీరు పడిన కష్టాన్ని తక్కువ చేయను. ఒక్క ప్రశ్నకు మాత్రం సమాధానం కావాలి. మీ అబ్బాయి ముఖం చూడని ఆ తడి బట్టలను మీ ఇంట్లో పిండేది ఎవరు, మీరా?

గణితం మాస్టారు:
మా ఆవిడ. ఫీజులు, అప్పులు, బయటి పనులు నావి, ఇంటి పనులు ఆమెవి. ఇరవై ఏళ్లుగా మాకున్న ఏర్పాటు ఇది. బయటివారు తీర్పు చెప్పవలసిన అవసరం లేదు.

నెల్లూరు వనిత:
తీర్పు చెప్పడం లేదు. మీరు చేసిన ప్రతిజ్ఞను మరొకరు నెరవేరుస్తున్నారని మాత్రం చెబుతున్నాను. వాదన మొదట్లోనే ఈఏపీసెట్ గురించి కాకుండా ఈ ఏర్పాటు గురించి మాట్లాడి ఉంటే ఇద్దరికీ శ్రమ తగ్గేది.

నీళ్ల ట్యాంకరు:
నీటి సంగతికి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

మియాపూర్ అమ్మ:
ట్యాంకరు గారూ, మా ఇంట్లో పిల్లలిద్దరూ ఒకే రోజున, తెల్లవన్నీ ఒక విడత, రంగువన్నీ ఒక విడత వేస్తారు కనుక అదనంగా పోయే నీరు లేదు. వంతుల గురించి వారు పోట్లాడుకుంటారు; అది నేను పట్టించుకోను.

ఇక మీ అందరి మాటలు చదివాక ఒక సంగతి రాయాలనిపించింది. నేను నియమం పెట్టింది ఇద్దరికీ. అమ్మాయి వయసు పద్నాలుగు, అబ్బాయికి పదిహేడు. మా అత్తగారు గాని, ఆడపడుచు గాని, ఈ చర్చలో మాస్టారు గారు గాని చిన్నదైన అమ్మాయి గురించి ఒక్క మాటైనా అనలేదు. దాని చదువు పాడవుతుందని, దాని చేతులు నొప్పి పుడతాయని ఎవరూ బాధపడలేదు. పైగా చక్కగా మడతపెడుతోందని అత్తగారు మెచ్చుకున్నారు. నా బద్ధకం వారికి కనిపించింది అబ్బాయి బట్టల దగ్గరే. కనుక నేను అడిగిన ప్రశ్న ఎదిగిన పిల్లల గురించి అయినా, మనం వాదించుకున్నది మగపిల్లల గురించే.

గణితం మాస్టారు:
అమ్మాయి గురించి నేను వేరుగా ఏమీ అనలేదు కనుక ఆ నింద నాకు తగదు. రెండో సంవత్సరం విద్యార్థి ఎవరైనా నా మాట అదే. పబ్లిక్ పరీక్షలు మొదలైనప్పటి నుంచి ప్రవేశ పరీక్ష ముగిసేవరకైనా మినహాయింపు ఇవ్వండి. అంతకంటే వాదించను.

మియాపూర్ అమ్మ:
తప్పకుండా ఇస్తాను, అమ్మాయికీ తన పదో తరగతి పరీక్షలప్పుడు ఇస్తాను. ఆ నెలల్లో బట్టలు వాళ్ల నాన్నగారు ఉతుకుతారు. ఆయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.