క్లాష్ రాయల్ (ఫోన్ల కార్డులు దింపి కొట్లాడే ఆట) డ్రాఫ్ట్ మల్లొచ్చింది, మూడు దెబ్బలకే బయటపడ్డ. మీ సంగతేంది?

ఓరుగల్లు_పోరడు
నిన్న పొద్దుగాల ఆట తెరిస్తే డ్రాఫ్ట్ ఛాలెంజ్ కనపడ్డది. ఆదివారం దాకనే ఉంటదట. ఒక్కటి గెల్చిన, మూడు ఓడిన, బయటికి. హన్మకొండ చౌరస్తాల చాయ్ తాగినంత సేపు గూడ కాలే.
తెల్వనోళ్ల కోసం చెప్తున్న: ఇండ్ల మన సొంత డెక్ (మనం పేర్చుకున్న ఎనిమిది కార్డుల కట్ట) పనికిరాదు. రెండేసి కార్డులు చూపెడతది. ఒకటి మనం ఉంచుకోవాలె, రెండోది అవతలోనికి పోతది. గిట్ల నాలుగుసార్లు. వాడు గూడ గట్లనే నాలుగు మనకు పంపుతడు. మొత్తం ఎనిమిది.
ఆఖరి ఆటల నాకు పడ్డ పత్తాలు చూడుర్రి: గోలెం 8, పెక్కా 7, త్రీ మస్కటీర్స్ 9, రాకెట్ 6. ఈ అంకెలన్నీ ఎలిక్సిర్ ఖర్చు, అంటే కార్డు దింపనీకె అక్కరపడే శక్తి. అది ఒక్కసారికి పదికంటే ఎక్కువ నిండదు. చిన్నదంటే ఒక్క నైట్ (కత్తి సిపాయి). నేను ఎలిక్సిర్ కోసం ఎదురుచూసుకుంట కూసున్న, వాడు హాగ్ రైడర్‌ను (పంది మీద ఉరికొచ్చేటోన్ని) తోలుకుంటనే ఉన్నడు. ఇది ఆటనా, లాటరీనా?

కాజీపేట_జంక్షన్
తమ్మి, ఎనిమిదిల నాలుగు నువ్వే ఏరుకున్నవ్ కదా. ఏవి తీసుకున్నవ్, వాటి జంటల ఏమున్నయి? గది చెప్పు ముందుగాల.

ఓరుగల్లు_పోరడు
గోలెం నేనే తీసుకున్న అన్న. పెద్దగ ఉంటది, భయపడతరు అనుకున్న. దాని జంటల… హాగ్ రైడర్ ఉండె.

కాజీపేట_జంక్షన్
ఇగ వాన్ని తోలింది నువ్వే. అవతలోన్ని ఏమనకు.

మానేరు_ఒడ్డు
నవ్వలేక చచ్చిపోయిన. కని తమ్ముడూ, నేను గూడ మొదట్ల గిదే తప్పు చేసిన. ఎంతసేపు "నాకేది మంచిది" అనే చూసేదాన్ని.
మా దిక్కు పెండ్లిండ్లల్ల రాత్రంత పత్తాలాట నడుస్తది. మా బాపు ఎన్కకు కూసొని చూసి నేర్చుకున్న. రమ్మీల నువ్వు పారేసిన పత్తా పక్కోడు ఎత్తుకుంటడు. అందుకని పనికిరాని పత్తా అయినా సరే, వానికి అక్కరపడేది అయితే బాపు రెండు వంతులు పారెయ్యకుంట ఆపుకునేటోడు. డ్రాఫ్ట్ గూడ అచ్చం గదే ఆట. రెండు కార్డులు కనపడంగనే "దీన్ని ఇస్తే నేను ఆపగలనా?" అని అడుగుకోవాలె. ఆపలేనిది ఇంట్లనే ఉంచుకోవాలె, మనకు అంత అక్కర లేకున్నా సరే.
ఇంకో లాభం గూడ ఉన్నది. నువ్వు ఇచ్చిన నాలుగు నీకు ముందే ఎరుక. అంటే ఆట మొదలుకాకముందే వాని డెక్ల సగం నీకు తెల్సు. మామూలు ఆటల గంత దొరుకుతదా?

జనగామ_లోకల్
అక్కా, మాటలు బాగనే ఉన్నయి. కని నాకు పోయినసారి ఒక్క స్పెల్ (మంత్రం కార్డు) పడలే. జాప్ లేదు, ఆరోస్ లేదు, ఫైర్‌బాల్ లేదు. నేను ఏరుకున్న నాలుగు జంటలల్ల అసలు స్పెల్ రానేలే. అవతలోడు మినియన్ హోర్డ్ (ఎగిరే చిన్న రాక్షసుల గుంపు) దింపితే బావిల పడ్డోని లెక్క చూసుకుంట కూసున్న. అది ఎవరి తప్పు చెప్పు? నసీబు కాదనకు.

మానేరు_ఒడ్డు
నసీబు లేదని నేనెప్పుడన్న? ఉన్నది. పది ఆటలల్ల ఒకటి రెండు గట్లనే పోతయి. మిగిలినయి మాత్రం మన చేతులతోని పోగొట్టుకున్నయే. నావైతే గంతే.

సిరిసిల్ల_మగ్గం
స్పెల్ లేకపోతె లెక్క పెట్టుడు ఒక్కటే దిక్కు. డెక్ల ఎనిమిది, చేతిల నాలుగు. ఒక కార్డు దింపినంక ఇంకో నాలుగు కార్డులు దింపితేగని అది మల్ల చేతికి రాదు. మగ్గం మీద నాడె పోయి వచ్చినట్టు వరుస తప్పకుంట తిరుగుతది. వాడు హోర్డ్ దింపిండా? వేళ్ల మీద ఎంచు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గా నాలుగు దింపేదాక హోర్డ్ భయం లేదు, గప్పుడు నువ్వు కొట్టు.
నాకు ఈ లెక్క రానీకె రెండు నెలలు పట్టింది. మొదట్ల వాని కార్డులు ఎంచుకుంట నా కార్డు దింపుడు మర్చిపోయేటోన్ని.

బెల్లంపల్లి_ఫస్ట్‌షిఫ్ట్
మీరందరు తిడుతున్నరు గని నాకు మాత్రం గిదే ఇష్టం. మామూలు లడాయిల నా కార్డులు చిన్న లెవల్, అవతలోనియి నా కంటె పైన. ఛాలెంజ్ల అందరికి ఒక్కటే లెవల్. నా దగ్గర లేని కార్డులు గూడ చేతికొస్తయి. ఇన్ఫెర్నో డ్రాగన్ తోని మొదటిసారి ఆడింది నేను డ్రాఫ్ట్లనే. షిఫ్ట్ దిగి స్నానం చేసి ఒక్క ఆట, మూడు నిమిషాల్ల తేలిపోతది.

జనగామ_లోకల్
ఒక డౌట్. ఇది గూడ పైసల ఆటల కిందికొస్తదా? మా బాపు "ఫోన్ల పత్తాలాట" అని లొల్లి పెడుతున్నడు.

కాజీపేట_జంక్షన్
తెలంగాణల 2017ల బంద్ చేసింది పైసలు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ. ఇండ్ల పందెం లేదు, గెలిస్తే చేతికి నోట్లు రావు. కని జెమ్స్ (ఆటల పైసలిచ్చి కొనే రత్నాలు) కొనుడు షురూ చేస్తె నీ బాపు లొల్లి న్యాయమే.

మేడారం_తొవ్వ
నా బాధ వేరే. పోయిన జాతరకు ఇంటిల్లిపాది పోయినం. గప్పుడు గూడ గిసొంటి నాలుగు రోజుల మోడే నడుస్తున్నది. ఇద్దరికి ఒక్కటే డెక్ పడే మిర్రర్ ఆట. నాకు గదే మస్తు ఇష్టం, ఓడితే "వాని కార్డులు మంచియి" అనే సాకు ఉండదు. గద్దెల కాడ అంతమంది జనంల సిగ్నల్ ఎక్కడిది? ఫోన్ పైకి పట్టుకొని తిరుగుతుంటె మా అమ్మమ్మ "తల్లులకు మొక్కరా, దానికి కాదు" అన్నది. ఇంటికొచ్చి చూస్తె మోడ్ ఎత్తేసిన్రు.

సిరిసిల్ల_మగ్గం
అమ్మమ్మకు దండాలు.

ఓరుగల్లు_పోరడు
అక్క చెప్పినట్టు చేద్దామని జెమ్స్ పెట్టి మల్ల దిగిన. (బాపుకు చెప్పకుర్రి.) ఈసారి ప్రతి జంట కాడ ఆగి, ఇచ్చేదాన్ని చూసిన. నిజంగ తేడా ఉన్నది. స్కెలిటన్ ఆర్మీ (అస్థిపంజరాల దండు) ఇచ్చి ఆరోస్ (బాణాల వాన) ఉంచుకున్న, వాడు దింపినప్పుడల్ల ఊడ్చేసిన. ఏడు గెల్చిన! ఆఖరుకు పైన ఎగిరే బెలూన్ కొట్టి బయటపడేసింది. నా దగ్గర పైకి కొట్టే కార్డు ఒక్కటి లేకుండె.

కాజీపేట_జంక్షన్
శెభాష్ తమ్మి. గా బెలూన్ వానికి పడిందా, నువ్వే ఇచ్చినవా?

ఓరుగల్లు_పోరడు
నేనే ఇచ్చిన.

మానేరు_ఒడ్డు
ఏం ఉంచుకొని?

ఓరుగల్లు_పోరడు
గోలెం అక్కా.