మేక నల్లలోని ఇనుము, సోయా బర్గర్‌లోని ఇనుము ఒకటేనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)
మా అక్కకు హిమోగ్లోబిన్ 9 గ్రాములే ఉందని డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. ఇంట్లో పెద్దవాళ్లేమో మేక నల్ల (గడ్డకట్టిన మేక రక్తం) వేయించి పెట్టమని, తినకపోతే బీట్‌రూట్ రసమైనా తాగించమని అంటున్నారు. అక్క మాంసం మానేసి చాలా కాలమైంది. అమెరికాలో సోయా బర్గర్‌లో హీమ్ కలుపుతారని ఈ మధ్య చదివాను. రక్తంలో ఉండే పదార్థం మొక్కలోకి ఎలా వచ్చింది? అది నల్లతో సమానమవుతుందా?

జవాబు 1 (జీవశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్)
తమ్ముడూ, పార్ఫిరిన్ అనే వలయం, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు కలిస్తే అదే హీమ్. హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే నాలుగు ప్రోటీన్ గొలుసుల్లో ఒక్కోదానిలో ఒక్కో హీమ్ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకునేది ఆ ఇనుమే. హీమ్ నిర్మాణాన్ని తేల్చి, దాని దగ్గరి రూపమైన హీమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన హాన్స్ ఫిషర్‌కు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

నల్ల విషయంలో పెద్దల మాటలో నిజం ఉంది. ఒక్క గ్రాము హిమోగ్లోబిన్‌లోనే సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వంద గ్రాముల పాలకూరలో ఉండేది దాదాపు అంతే. పైగా ఆకుకూరల ఇనుము టీలోని టానిన్లకు, ధాన్యాల్లోని ఫైటేట్లకు చిక్కుకుని చాలావరకు వృథాగా పోతుండగా, హీమ్ తన వలయంతో సహా పేగు కణంలోకి వెళ్లి, అక్కడ హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ వల్ల విడిపోయి ఇనుమును వదులుతుంది. అందుకే హీమ్ ఇనుములో 15 నుంచి 35 శాతం వరకు ఒంటికి పడుతుందని అంచనా. అయినా తిన్న హీమ్ నేరుగా మన రక్తంలో కలవదు. ఎముక మజ్జ ఆ ఇనుముతో హీమ్‌ను మళ్లీ కొత్తగా తయారు చేసుకోవలసిందే.

నల్లను ఉప్పు, పసుపు వేసి ఉడికించేటప్పుడు ఎర్రటి గడ్డ కాసేపట్లోనే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. వేడికి గ్లోబిన్ విచ్చుకుపోయి, ఇనుము ఫెర్రస్ స్థితి నుంచి ఫెర్రిక్ స్థితికి మారడమే దానికి కారణం. ఇక బీట్‌రూట్ ఎరుపు బీటానిన్ అనే రంగుది, దానికి ఇనుముతో సంబంధమే లేదు. ఆ రంగు చూసి రక్తం పడుతుందనుకోవడం మన దగ్గర ఎంత చెప్పినా పోని భ్రమ.

జవాబు 2 (వ్యవసాయ డిగ్రీ చదివి సేద్యం చేస్తున్నాను, నర్సంపేట)
మొక్కలో హీమ్ చూడాలంటే అమెరికా దాకా పోనక్కరలేదు. పూత మీదున్న పల్లి మొక్కనో పెసర మొక్కనో మెల్లగా పెకిలించి, వేళ్ల మీది బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే అది హీమ్ ఉన్న లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్. నత్రజనిని పట్టే ఎంజైమ్‌ను ఆక్సిజన్ పాడుచేయకుండా అదే కాపాడుతుంది. బుడిపె లోపల తెల్లగా ఉందంటే అది పని చేయడం లేదని అర్థం.

ఇంపాజిబుల్ ఫుడ్స్ అనే కంపెనీ సోయాలోని ఆ జన్యువును ఒక రకం ఈస్ట్‌లో పెట్టి, తొట్లలో పులియబెట్టి లెగ్‌హిమోగ్లోబిన్‌ను తీస్తుంది. వారి బర్గర్ 2016లో బయటికి వచ్చింది. పెనం మీద వేడెక్కినప్పుడు హీమ్ అక్కడున్న చక్కెరలు, అమైనో ఆమ్లాల మధ్య చర్యలను పురికొల్పి మాంసపు వాసన పుట్టిస్తుంది. ప్రోటీన్ వేరైనా హీమ్ మాత్రం రక్తంలో ఉండేదే. అయితే దాన్ని కలిపేది ప్రధానంగా రుచి కోసం, రంగు కోసం. రక్తహీనతకు మందుగా కాదు.

జవాబు 3 (పోషకాహార నిపుణురాలు, కరీంనగర్)
పై ఇద్దరూ చెప్పింది సరైనదే గానీ, మీ అక్క గారికి ఇప్పుడు కావలసింది బర్గరూ కాదు, నల్లా కాదు. 9 గ్రాములున్నప్పుడు తిండితోనే సరిపెట్టుకుందామనుకుంటే కుదరదు, మాత్రలు మానకూడదు. మాత్ర వేసుకునే వేళకు టీ, పాలు దగ్గరికి రానీయకండి. పప్పులో, ఆకుకూరలో దించిన తరువాత నిమ్మరసం పిండండి, ఎందుకంటే విటమిన్ సి మొక్కల ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఇంట్లో మిగతావాళ్లు నల్ల తింటే అభ్యంతరం లేదు, కానీ రక్తంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి కనుక కోసిన పూటే తెచ్చి, లోపలి దాకా ఉడికించాలి.

మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే థలసీమియా, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బుల పరీక్షల గురించి డాక్టరు గారిని అడగండి. ఆదిలాబాద్ ఏజెన్సీ గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ కనిపిస్తూనే ఉంటుంది. ఆ రెండింటిలోనూ లోపం హీమ్‌లో కాదు, గ్లోబిన్ గొలుసులో ఉంటుంది కనుక ఎంత ఇనుము తిన్నా ఆ లోపం సరికాదు. పైగా థలసీమియాలో ఇనుము ఒంట్లో పేరుకుపోయి కాలేయానికి, గుండెకు హాని చేసే ప్రమాదం ఉంది.