నార్మల్ దగ్గరి పల్లె ఎయిర్‌పోర్టులో ఫ్లయింగ్ నేర్చుకోవాలనుకుంటున్న తమ్ముడికి

నమస్కారం తమ్ముడూ,

మీరు ఇల్లినాయ్‌లోని నార్మల్‌కు వచ్చి ఆరు నెలలే అయిందని, ఊరి బయట మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులో విమానం నడపడం నేర్చుకోవాలని ఉందని, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద అది కుదురుతుందో లేదో తెలియక ఆగిపోయానని రాశారు. నాకంటే ముందు జవాబిచ్చిన అన్నగారు అలాంటి చోట్ల కంట్రోల్ టవర్ ఉండదని, సెలవు పెట్టి ఫ్లోరిడాలోని ఏదైనా పెద్ద స్కూల్లో నాలుగు వారాల్లో ముగించుకోవడం మేలని అన్నారు. ఆయన మీ క్షేమం కోరే ఆ మాట చెప్పారు. పైలట్ ఉద్యోగమే ధ్యేయమైనవారికి ఆ దారి సరైనది కూడా. అయితే మీరు ఉద్యోగం చేసుకుంటూ, సొంత ఇష్టం కొద్దీ నేర్చుకోవాలనుకుంటున్నారు. నేను 2019లో సరిగ్గా అలాంటి చిన్న చోటే నేర్చుకుని, నేటికీ అక్కడినుంచే ఎగురుతున్నవాణ్ని కాబట్టి నా సలహా వేరుగా ఉంటుంది.

ముందు కాగితాల సంగతి చెబుతాను, మనవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. అమెరికా పౌరులు కానివారెవరైనా, గ్రీన్ కార్డు ఉన్నవారితో సహా, పైలట్ సర్టిఫికెట్ కోసం విమానంలో శిక్షణ మొదలుపెట్టే ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) వారి భద్రతా పరిశీలనకు దరఖాస్తు పెట్టి, అర్హులమని వారి నుంచి నిర్ధారణ పొందాలి. వారి పోర్టల్‌లో పాస్‌పోర్టు, వీసా వివరాలు నింపి, రుసుము కట్టి, వేలిముద్రలు ఇవ్వాలి. 2024లో నిబంధన మారాక ఈ నిర్ధారణ గరిష్ఠంగా 5 ఏళ్లు చెల్లుతోంది. మీ వలస పత్రాల గడువు అంతకు ముందే తీరితే దీని గడువూ అప్పుడే తీరుతుంది. పల్లె ఎయిర్‌పోర్టులో ఇక్కడ ఒక చిక్కుంది. మీకే కాదు, మీకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కు కూడా ఆ పోర్టల్‌లో ఖాతా ఉండాలి. స్వతంత్రంగా నేర్పే పెద్దమనిషి తన జీవితంలో ఒక్క విదేశీయుడికి కూడా నేర్పి ఉండకపోవచ్చు, ఆయనకు ఈ సంగతే తెలియకపోవచ్చు. మా ఇన్‌స్ట్రక్టర్‌కూ తెలియదు. ఒక ఆదివారం సాయంత్రం ఆయన వంటింటి బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని ఆ నమోదు పూర్తి చేశాం. విమానం ఎలా ఉంటుందో రుచి చూపించడానికి ఒక్కసారి తిప్పి తెచ్చే డిస్కవరీ ఫ్లైట్‌కు మాత్రం ఈ తతంగం అవసరం లేదు.

హెచ్-1బి విషయానికొస్తే, నేనూ దాని మీద ఉన్నప్పుడే తీరిక వేళల్లో నేర్చుకున్నాను. ఎగిరినందుకు ఎవరి దగ్గరా జీతం తీసుకోకూడదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అయినా మీ కంపెనీ తరఫున వీసా చూసే న్యాయవాదికి ఒక మెయిల్ రాసి, జవాబును దాచుకోండి. నేను అదే చేశాను.

ఆ తరువాత మెడికల్, అంటే ఎగరడానికి ఆరోగ్యం సరిపోతుందని డాక్టరు ఇచ్చే పత్రం. దీన్ని డబ్బు ఖర్చు పెట్టడానికి ముందే చూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ప్రైవేట్ పైలట్‌కు థర్డ్ క్లాస్ మెడికల్ చాలు. 40 ఏళ్లలోపు వారికి అది 60 నెలలు, ఆ పైబడినవారికి 24 నెలలు చెల్లుతుంది. ఆన్‌లైన్ ఫారం మీ జీవితమంతటి ఆరోగ్యాన్నీ అడుగుతుంది కనుక ఇండియాలో పడిన జబ్బులు, చేయించుకున్న ఆపరేషన్లు కూడా రాయాలి. షుగర్‌కు మాత్రలు వాడుతున్నా, కిడ్నీలో రాళ్లు వచ్చి ఉన్నా, దిగులుకో నిద్రకో మందులు వాడి ఉన్నా అంతమాత్రాన దారి మూసుకుపోదు, కానీ అదనపు పత్రాలు కావలసి రావచ్చు. పరీక్ష మొదలయ్యాక దరఖాస్తును వెనక్కి తీసుకునే వీలు లేదు. అందుచేత ముందు ఆ పరీక్ష చేసే డాక్టరును ఫోన్లో సంప్రదించి, ఏ కాగితాలు తేవాలో అడిగి, ఆ తరువాతే వెళ్లండి. ఏదీ దాచవద్దు.

డబ్బు గురించి నా సొంత నష్టమే చెబుతాను. ఈ పల్లె ఎయిర్‌పోర్టుకు రాకముందు వేరే ఊళ్లో ఒక స్కూల్లో, గంటకు కొంత తగ్గింపు ఇస్తామంటే నమ్మి, 6,000 డాలర్లు ఒకేసారి ముందుగా కట్టాను. మూడు నెలలు తిరగకుండానే తలుపులు మూశారు, అందులో 3,800 డాలర్లు నాకు తిరిగి రాలేదు. అప్పుడు ఇంట్లో పడిన మాటలు మీకు రాకూడదు. ఎగిరిన రోజున ఎగిరినంతకే కట్టండి. హాబ్స్ మీటర్ (ఇంజిన్ నడిచిన గంటలను లెక్కపెట్టేది) అంకెలు ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి మీ కళ్లతో చూసి రాసుకోండి. నేను నేర్చుకున్నప్పుడు పాత సెస్నా 172కు పెట్రోలుతో కలిపి గంటకు 135 డాలర్లు, ఇన్‌స్ట్రక్టర్‌కు 45 డాలర్లు ఇచ్చాను. ఇప్పుడు రెండూ పెరిగాయి. నిబంధన ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి, వాటిలో ఇన్‌స్ట్రక్టర్‌తో 20, ఒంటరిగా 10 తప్పనిసరి. నాకు 63 గంటలు పట్టింది. వారానికి రెండుసార్లయినా వెళ్లగలిగేంత డబ్బు, తీరిక కూడిన తరువాతే మొదలుపెట్టండి. నెలకొకసారి వెళ్తే పోయినసారి నేర్చుకున్నదాన్నే మళ్లీ నేర్చుకోవడానికి డబ్బు పోస్తాం.

ఇప్పుడు అన్నగారు లేవనెత్తిన టవర్ మాట. మా చోట టవర్ లేదు, నిజమే. ఒక రన్‌వే, ఆరేడు హ్యాంగర్లు, గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, కార్డు గీసి పోసుకునే పెట్రోలు పంపు, కాఫీ కాగే ఒక చిన్న గది, అంతే. ఎవరూ మీకు దిగమని, ఆగమని చెప్పరు. అందరూ ఒకే రేడియో ఫ్రీక్వెన్సీ మీద ఊరి పేరు చెప్పి, తామెవరో, ఎక్కడున్నారో, ఏం చేయబోతున్నారో ప్రకటిస్తారు. చివర ఊరి పేరు మళ్లీ చెబుతారు, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీ మీద ముప్పై మైళ్ల అవతలి మరో ఊరివాళ్లు కూడా మాట్లాడుతుంటారు. నేల నుంచి 1,000 అడుగుల ఎత్తున, రన్‌వేకు ఎడమవైపు తిరిగే దీర్ఘచతురస్రంలో డౌన్‌విండ్, బేస్, ఫైనల్ అనే వరసలో, అంటే ముందు రన్‌వేకు సమాంతరంగా, తరువాత అడ్డంగా, చివరికి దానికి నేరుగా వచ్చి దిగుతారు. మనవాళ్లకు ఇంగ్లీషు వచ్చినా రేడియోలో తొందరపడి మాటలు కలిపేసే అలవాటుంది. మొదటి నెలంతా నేను కారులో ఆఫీసుకు వెళ్తూ ఆ వాక్యాలను గట్టిగా, పదం పదం విడదీసి చెప్పుకుంటూ పోయేవాణ్ని. మీరూ అలా చేయండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

అయితే రేడియోలో వినబడనంత మాత్రాన ఆకాశంలో ఎవరూ లేరనుకోకూడదు. టవర్ లేని ఇలాంటి చోట్ల రేడియో లేని పాత విమానాలు కూడా చట్టబద్ధంగానే ఎగురుతాయి. నా శిక్షణ ఒక జూలైలో సగంలో ఉండగా, గాలిని బట్టి అందరం వాడుతున్న దిక్కులో నేను ఫైనల్ మీదికి తిరిగి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) పూర్తిగా దించి, నేలకు 300 అడుగుల ఎత్తుకు వచ్చాను. రన్‌వే అవతలి కొసన ఒక పసుపురంగు చుక్క కదలడం కనిపించింది. చేలకు మందు చల్లే విమానం, తన లోడు నింపుకుని, తను వెళ్లవలసిన పొలం అటువైపే ఉంది కాబట్టి నాకు ఎదురుగా బయలుదేరుతోంది. నేను పూర్తి పవర్ ఇచ్చి, ఫ్లాప్స్ అంచెలంచెలుగా ఎత్తుతూ, కుడిపక్కకు జరిగి పైకి వెళ్లిపోయాను. అతను నా ఎడమ రెక్క కింద నుంచి చేల మీదుగా సాగిపోవడం చూశాను. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే కూర్చుని ఉన్నా చేయి కదపలేదు, మాట అనలేదు. దిగిన తరువాత మాత్రం, ఆ గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) నువ్వే నిర్ణయించుకున్నావు కాబట్టి వచ్చే వారం నిన్ను ఒంటరిగా పంపుతానన్నాడు. టవర్ ఉంటే ఆ విమానాన్ని ఆపడమో నన్ను పక్కకు పంపడమో వాళ్లే చూసుకునేవారు. చూడడం, తేల్చుకోవడం రెండూ మీ పనే అయినచోట మొదటి రోజు నుంచే కళ్లు బయట ఉంటాయి. నేను చిన్నచోటును సమర్థించడానికి అసలు కారణం ఇదే. టవర్ ఉన్న చోట దిగడం కూడా నేర్చుకోక తప్పదు, నిబంధన ప్రకారం అలాంటి చోట ఒంటరిగా మూడుసార్లు ఎగిరి దిగాలి. దానికి మనకు దగ్గరలోనే బ్లూమింగ్టన్, పియోరియా, షాంపేన్ ఉన్నాయి.

విమానం ఎక్కేముందు చేసే తనిఖీని ఎవరు తొందరపెట్టినా తగ్గించవద్దు. ఒక అక్టోబరు ఉదయం, ముందురోజు రాత్రంతా వాన కురిసింది, రెక్క కింద గొట్టం నుంచి గాజులాంటి చిన్న కప్పులోకి పెట్రోలు పట్టి వెలుగుకు ఎత్తి చూశాను. మన విమానాల పెట్రోలుకు లేత నీలం రంగు కలుపుతారు. ఆ నీలం అడుగున చామాకు మీద నీటిబొట్టులా ఒక తెల్లని పూస అటూ ఇటూ దొర్లుతోంది. రెండోసారి పడితే అదే, మూడోసారీ అదే. ఇన్‌స్ట్రక్టర్ రెక్క కొస పట్టుకుని మెల్లగా ఊపి, కాసేపు ఆగి, మళ్లీ పట్టమన్నాడు. ఈసారి పూస ఇంకా పెద్దదైంది. ట్యాంకు మూతలోని రబ్బరు పగిలి వాననీళ్లు లోపలికి దిగాయి. ఆ నీళ్లు ఇంజిన్‌కు చేరేది రన్‌వే మీద కాదు, చెట్ల ఎత్తుకు లేచాక. ఆ రోజు మేము ఎగరలేదు. నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ వెళ్లి ఎగరకుండా తిరిగి వచ్చిన రోజులు నా లెక్కలో ఇరవైకి పైనే ఉన్నాయి. వాటినీ శిక్షణలో భాగంగానే చూసుకోండి, లేకపోతే విసుగు మిమ్మల్ని ఎగరకూడని రోజున ఎగరనిస్తుంది.

మన ప్రాంతపు ఆకాశం విద్యార్థికి అనుకూలమైనదని నా నమ్మకం. నేల చదును. మైలుకొక రోడ్డు, ఉత్తర దక్షిణాలకూ తూర్పు పడమరలకూ గళ్లు గీసినట్టు ఉంటుంది, కాబట్టి గాలి మిమ్మల్ని ఎంత పక్కకు నెడుతోందో ఆ గీతల మీద కొలుచుకోవచ్చు. తూర్పున ఉన్న గాలిమరలు ఏ దిక్కుకు మొహం పెట్టాయో చూస్తే గాలి ఎటునుంచి వస్తోందో దూరం నుంచే తెలుస్తుంది. చిక్కల్లా వాతావరణమే. 1926లో సెయింట్ లూయీ నుంచి చికాగోకు టపా మోసిన రోజుల్లో, మరుసటి ఏడాది అట్లాంటిక్‌ను ఒంటరిగా ఆగకుండా దాటి పేరు తెచ్చుకున్న ఛార్లెస్ లిండ్‌బర్గ్ రాత్రిపూట కింద నేల కనబడక, పెట్రోలు అయిపోయి, రెండుసార్లు పారాచూట్‌తో దూకవలసి వచ్చింది. అందులో రెండోసారి, ఆ ఏడాది నవంబరులో, ఆయన విమానం పడింది మన బ్లూమింగ్టన్ పక్కనే ఉన్న కోవెల్ దగ్గర. అంతటివాడికే ఈ చేల మీది మబ్బు దారి ఇవ్వలేదు. జూలై ఎండలో గాలి పలచబడి విమానం లేవడానికి ఎక్కువ దూరం తీసుకుంటుందని, జనవరిలో ఇంజిన్‌ను ముందుగా వెచ్చబెట్టాలని కూడా మీకు ఇక్కడ త్వరగానే అనుభవానికి వస్తుంది.

రాత్రి ఎగరడం గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. మా రన్‌వే దీపాలు ఆరిపోయి ఉంటాయి. దూరం నుంచి చీకట్లోకి వస్తూ, మైక్ బటన్‌ను ఐదు సెకన్లలో ఏడుసార్లు నొక్కితే, నల్లని చేల మధ్య రెండు దీపాల వరసలు ఒక్కసారిగా వెలుగుతాయి. ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్ వారి కాలం నాటి, విమానాలు రాని రన్‌వేను చూస్తూ పెరిగినవాణ్ని నేను. ఆ దీపాలు మొదటిసారి వెలిగిన రాత్రి దిగాక చాలాసేపు విమానంలోంచి కదలలేకపోయాను.

రాత పరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే చాలు. మన చదువులు చదివినవారికి అది పెద్ద కష్టం కాదు. చివరి చెక్‌రైడ్‌కు (విమానం నడిపి చూపే పరీక్షకు) పరీక్షకుడి తేదీ దొరకడం ఆలస్యమవుతుంది, ముందే అడిగి పెట్టుకోండి. లైసెన్సు వచ్చాక స్నేహితులను ఎక్కించుకోవచ్చు; అద్దె, పెట్రోలు ఖర్చును సమానంగా పంచుకోవచ్చు, మీ వాటా మీరు కట్టి తీరాలి, అంతకు మించి ఒక్క డాలరు పుచ్చుకోకూడదు. ఈ లైసెన్సుతో హైదరాబాదు వెళ్లి నేరుగా ఎగరడం కుదరదు, డీజీసీఏ (ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర విడిగా మార్పిడి చేయించుకోవాలి. మీ జీవిత బీమా పత్రంలో సొంతంగా విమానం నడిపేవారి గురించి ఏం రాసుందో కూడా చదవండి, భార్యాపిల్లలు ఉన్నవారికి ఇది ముఖ్యం.

పై శనివారం గాలి అనుకూలిస్తే ఉదయం ఎనిమిదింటికల్లా నేను హ్యాంగర్ దగ్గర ఉంటాను. మీరూ రండి. ఆ రోజు ఎగరనవసరం లేదు. ఆ చిన్న గదిలో కూర్చుని కాఫీ తాగుతూ రేడియో వినండి, మా ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి, కప్పులో పెట్రోలు ఎలా పట్టాలో నేను చూపిస్తాను. చేల గట్ల మీద మంచు ఎక్కువగా ఉంటుంది, చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రండి.