2, 3 తరగతులకు సంగీతం: సరళీ వరుసలతోనే మొదలుపెట్టాలా?

బడిగంట:
2, 3 తరగతులు కలిపి 35 మంది. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. హార్మోనియం లేదు. నా గొంతుకు కుదిరే 1 శ్రుతి ("స" ఎక్కడ నిలవాలో చూపే ఆధార స్వరం) ఫోన్‌లో పెట్టుకుని సరళీలు, అంటే స రి గ మ ప ద ని స అంటూ మొదట నేర్పే వరుసలు, చెబుతున్నాను. పై షడ్జం (పై స) దగ్గర అందరూ అరుస్తున్నారు, తాళం పరుగెడుతోంది. కొందరు ఒకే స్వరం మీద గొణుగుతున్నారు. ఏం మార్చాలి?

వీణతీగ:
ముందు శ్రుతి మార్చండి మేష్టారూ. 1కి పెడితే ఈ వయసులో చాలామందికి పై షడ్జం అందదు, అందుకే ఆ అరుపు. దానికి దిగువనున్న 5కి దించితే కింది షడ్జం గొంతులో ఆనదు. ఈ రెంటి మధ్య ఉండే 6 గానీ ఆరున్నర గానీ పెట్టి చూడండి, మీకు కాస్త దిగువైనా సరే. ఫోన్ బల్ల మీద కాదు, పిల్లల మధ్యలో ఉండాలి. పాడుతుంటే శ్రుతి వాళ్ల చెవిన పడట్లేదంటే అరుస్తున్నట్టే లెక్క.

తాళాన్ని స్వరం నుంచి విడదీయండి. ఎనిమిది లెక్కల ఆది తాళం వట్టి అంకెలతో వేయించండి: దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, తర్వాత దెబ్బ, విసురు (అరచేయి తిప్పడం), దెబ్బ, విసురు. పరుగు ఎక్కువగా విసురు దగ్గరే మొదలవుతుంది. దెబ్బకు చప్పుడుంది, విసురుకు లేదు; పిల్లలు దాన్ని మింగేసి తర్వాతి దెబ్బకు దూకుతారు. అక్కడ "ఊ" అనిపించండి, నిలుస్తుంది. ఆ తర్వాత సగం మంది తాళం, సగం మంది స్వరం. రెండో కాలం (రెట్టింపు వేగం) జోలికి ఈ ఏడు వెళ్లొద్దు.

పాతహార్మోనియం:
శ్రుతి మాట సరే. సరళీలు పాడే రాగం మాయామాళవగౌళతో మొదలుపెట్టడమే నాకు నచ్చదు. అందులోని రి (శుద్ధ రిషభం) షడ్జాన్ని ఆనుకుని ఉంటుంది, అక్కణ్ణుంచి గ (అంతర గాంధారం)కి పెద్ద గెంతు. గుంపులో రి పైకి జారుతుంది, గ కిందికి దిగుతుంది. మొదట్లో స రి గ ప ద అనే ఐదు స్వరాల మోహనం రాగం చాలు. పక్కపక్కనే ఇరుక్కున్న స్వరాల జంట అందులో ఒక్కటీ లేదు. ముందు స, ప, తర్వాత గ, చివర్లో రి, ద.

వీణతీగ:
మాయామాళవగౌళను పెద్దలు ఊరికే పెట్టలేదండీ. స రి గ మ మధ్య ఉన్న ఎడాలే ప ద ని స మధ్యా వస్తాయి. కింది సగం పట్టుబడితే పైది సులువు. గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకునే పిల్లకు అదే మేలు. 35 మంది గదికి మాత్రం మోహనమే నయం, కాదనను.

బడిగంట:
మరి గొణిగేవాళ్ల సంగతి?

పాతహార్మోనియం:
మగగొంతు విని అదే స్థాయిలో పాడబోయి కొందరు అలా గొణుగుతారు. మీ తర్వాత శ్రుతిలో పాడే పిల్ల ఒకరిచేత అదే స్వరం పాడించి, ఆ గొంతును అనుసరించమనండి. మిగిలినవాళ్లలో ఎక్కువమందికి చెవి బాగానే ఉంటుంది; మాట్లాడే గొంతు విడిచి పాడే గొంతులోకి మారడమే తెలియదు. కోయిలలా "కూ" అంటూ కింది నుంచి పైకి జార్చమనండి. తర్వాత వాళ్లు ఏ స్వరం పలికితే దానికే మీరు కలవండి. రెండు గొంతులు కలిస్తే ఎలా ఉంటుందో తెలిశాక ఒక్కో మెట్టూ షడ్జానికి తెండి. దీనికి వేరే పీరియడ్ అక్కర్లేదు: హాజరు వేసేటప్పుడు పేరును స్వరంతో పిలిచి, అదే స్వరంలో "ఉన్నానండీ" అనిపించండి. వాళ్లను వెనక కూర్చోబెట్టొద్దు. శ్రుతిగా పాడే పిల్లలకు సరిగ్గా ముందు వరసలో ఉంటే ఆ గొంతు చెవిలో పడుతుంటుంది.