కవల పిల్లల నాన్నలు, మీ పురుటి రోజు అనుభవాలు చెప్పండి (బెంగళూరు)

సర్జాపుర_కావలి:
అందరికీ నమస్తే. మా ఆవిడకి 31వ వారం నడుస్తోంది, కవలలు. రెండు మాయలు (ప్లాసెంటాలు), రెండు ఉమ్మనీటి సంచులు అని స్కాన్‌లో రాశారు, అలా ఉంటే కొంత నయమే అన్నారు డాక్టరమ్మ. మాది కావలి, ఇక్కడ సర్జాపుర రోడ్డులో ఉంటాం. పురుడు పుట్టింట్లోనే పోయాలని అత్తగారి పట్టు, ఇక ప్రయాణాలు వద్దని డాక్టరమ్మ. అడగాలనుకున్నవి నాలుగు. పిల్లలు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉండాల్సి వస్తే ఎంత డబ్బు దగ్గర పెట్టుకోవాలి, సెలవు ఎప్పటి నుంచి పెట్టాలి, నాన్నని థియేటర్‌లోకి రానిస్తారా, నార్మల్ కాన్పు అవుతుందా. ఇంకో మాట. రాత్రుళ్లు నాకు నిద్ర పట్టడం లేదు. ఆమె అటు తిరిగి పడుకుంటే లేచి కూర్చుని చూస్తున్నాను. మీకూ ఇలాగే ఉండేదా?

హొరమావు_నాన్న:
నిద్ర సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నా, మా పిల్లలకి నాలుగేళ్లు, నాకు ఇప్పటికీ సరిగ్గా పట్టదు. 34వ వారంలో రాత్రిపూట ఉమ్మనీరు పోయింది. నన్ను థియేటర్‌లోకి రానివ్వలేదు, ఐదు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు, ఏం రాసుందో ఒక్కటీ చదవలేదు. పెద్దది 2.1 కిలోలు, గట్టిగా ఏడ్చింది, తల్లి పక్కన పెట్టారు. చిన్నది 1.6, ఏడుపే వినపడలేదు. సిస్టర్ అద్దాల పెట్టె తోసుకుంటూ లిఫ్టు వైపు పరుగెడుతుంటే నేనూ వెనకాలే పరుగెత్తాను, మా ఆవిడ మొహం కూడా చూడకుండా. ఆమె నన్ను ఏమీ అనలేదు, నాకే ఆ బాధ ఉండిపోయింది. తల్లి ఒకటో అంతస్తు, చిన్నది మూడో అంతస్తు, పదకొండు రోజులు మెట్లు ఎక్కడం దిగడం. కాలికి కట్టిన చీటీ మీద మా ఆవిడ పేరు, దాని కింద ట్విన్ 2 అని మాత్రమే ఉంది. మొదటిసారి పాలు పట్టేటప్పుడు చూడనిచ్చారు. 3 ఎం.ఎల్. ముర్రుపాలు సిరంజిలో పోసి, ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్న గొట్టానికి తగిలించి, సిరంజి పైకెత్తి పట్టుకుంది సిస్టర్. నెట్టకూడదట, వాటంతట అవే దిగాలట. ఆ 3 ఎం.ఎల్. దిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మీరు ఏం సిద్ధం చేసుకున్నా చేసుకోకపోయినా, ఎన్‌ఐసీయూ తల్లి వార్డుకి ఎంత దూరంలో ఉందో ముందు చూసుకోండి.

రామ్మూర్తినగర్_తాత:
బాబూ, మీరు రెండో పాపని చిన్నది అంటున్నారు, అది తప్పు. కవలల్లో కడుపులో ముందు పడ్డ బిడ్డ వెనక పుడుతుంది, అందుకే రెండోదే పెద్దది. మా నాయనమ్మ మంత్రసాని, ఆవిడ చేతుల మీద పుట్టిన కవలలందరికీ అలాగే లెక్క వేసేది. భాగవతం తృతీయ స్కంధంలోనూ ఉంది, దితి ముందు కన్నది హిరణ్యాక్షుణ్ణి, కానీ పెద్దవాడు హిరణ్యకశిపుడే. ఆ లెక్క తెలియకుండా రేపు పెళ్లిళ్ల దగ్గర ఇబ్బంది పడతారు.

రాత్రి_డ్యూటీ:
నేను పన్నెండేళ్లుగా ఎన్‌ఐసీయూ నర్సుని, వందల కవలల్ని చేతుల్లో పెట్టుకున్నదాన్ని, కాబట్టి ఇది నేను చెప్తాను. ముందు పడటం వెనక పడటం ఏమీ లేదు. గర్భసంచి ముఖద్వారానికి ఏ బిడ్డ దగ్గరగా ఉంటే అది మొదటిది, అంతే. ఒకే అండం రెండుగా చీలిన కవలలైతే ముందు పడ్డది అనే మాటకి అర్థమే లేదు. జనన పత్రం మీద టైము ఉంటుంది, నిమిషాలతో సహా రాస్తాం. దయచేసి పిల్లల జీవితాల్లోకి ఈ లెక్కలు తేవద్దు.

రామ్మూర్తినగర్_తాత:
అమ్మా, మీ డ్యూటీని నేను గౌరవిస్తాను. కానీ వ్యాసుడి కన్నా మీకు ఎక్కువ తెలుసా?

రాత్రి_డ్యూటీ:
మీ నాయనమ్మ గారి కాలంలో ఎందరు కవలలు బతికి బట్టకట్టారో కూడా లెక్క వేయండి తాతగారూ. పెద్దవారని ఊరుకుంటున్నాను.

కుందలహళ్ళి_కర్నూలు:
ఇద్దరూ ఆగండి. మా ఇంట్లో ఈ గొడవ వల్లే అమ్మకీ మా ఆవిడకీ ఆరు నెలలు మాటల్లేవు. మగపిల్లలు, ఇద్దరూ ఒకేలా ఉంటారు. పెద్దవాడికే తాత పేరు పెట్టాలని అమ్మ, మొదట పుట్టినవాడే పెద్దవాడని మా ఆవిడ. ఆ గొడవలో నేను రోజూ పెద్దాడి కుడికాలి బొటనవేలికి గోళ్ల రంగు వేసుకుంటూ ఉన్నాను, ఒకరికి రెండుసార్లు పాలు పట్టి ఇంకొకరిని పస్తు పెడతామేమోనని భయం. పెద్దాడు అంటే నాకు రంగు ఉన్నవాడు, ఈ రోజుకీ అంతే.

మడివాళ_42:
మాకు ఇద్దరు పుట్టారు, ఒక్కడే ఇంటికొచ్చాడు. 2018. ఒకే మాయ, పిల్లలు వేరువేరు సంచుల్లో. ఒకే మాయ పంచుకునే కవలల్లో రక్తం ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కువగా వెళ్లిపోయే జబ్బు రావచ్చు, 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేసి చూస్తూ ఉండాలి. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు, నెలకోసారి వెళ్లాం. సర్జాపుర బ్రదర్, మీకు రెండు మాయలు కాబట్టి ఆ భయం లేదు. ఇది చదివే మిగతావాళ్లు స్కాన్ కాగితం తీసి మాయ ఒకటా రెండా చూసుకోండి. ఎవరు పెద్ద అనే దాని మీద నన్ను మాత్రం ఏమీ అడగొద్దు.

హొరమావు_నాన్న:
అన్నా. నేను రాసిన దానిలోంచే ఈ గొడవ మొదలైంది, క్షమించండి.

నెల్లూరు_చిన్నమ్మి:
నేను తల్లిని, నాన్నల్ని అడిగారని తెలిసే రాస్తున్నా. మా ఆయన కాన్పు సమయానికి సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాడు. ముప్పై ఆరు వారాలు నిండాయి, ఇంకా టైముంది అని ఆ రోజు ఆఫీసుకి వెళ్లాడు. నేను ఆటోలో పక్కింటి కన్నడ ఆంటీతో వెళ్లాను, సంతకం కూడా ఆవిడే పెట్టబోతే సిబ్బంది ఒప్పుకోలేదు. నాకు పోట్లాడాలని లేదు, కానీ 32 దాటాక మీ లాప్‌టాప్ ఇంట్లోనే పెట్టుకోండి. పుట్టింటి సంగతి కూడా అంతే, మాది నెల్లూరు, అమ్మే ఇక్కడికి వచ్చింది. అత్తగారికి ఆ టికెట్ ఏదో బుక్ చేయండి.

పాలసీ_పద్దు:
డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఇన్సూరెన్స్ క్లెయిములే చూస్తాను. ఆఫీసు పాలసీలో మెటర్నిటీకి ఒక పరిమితి ఉంటుంది, అది కాన్పుకే చాలదు. పిల్లల ఎన్‌ఐసీయూ ఖర్చు ఆ పరిమితిలోనే కలుస్తుందా, మొత్తం కుటుంబం పాలసీలోంచి వస్తుందా అని ఇవాళే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మొదటి రోజు నుంచి పిల్లలకి వర్తిస్తుందా, ఎన్ని రోజుల్లో ఇద్దరి పేర్లూ చేర్చాలి, అది కూడా. ఒకరిని చేర్చి రెండో బిడ్డని మర్చిపోయిన కేసులు నేనే చూశాను. జననం 21 రోజుల్లో నమోదవ్వాలి, ఇద్దరికీ వేరువేరు పత్రాలు.

సర్జాపుర_కావలి:
చాలా థాంక్స్ అందరికీ. మడివాళ అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు. అత్తగారికి టికెట్ బుక్ చేశాను. నార్మల్ గురించి, థియేటర్ గురించి కూడా కొంచెం చెప్పండి.

రాత్రి_డ్యూటీ:
మొదటి బిడ్డ తల కిందికి ఉంటే నార్మల్‌కి ప్రయత్నించవచ్చు. 2013లో 25 దేశాల్లో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, మొదటి బిడ్డ తల కిందికి ఉన్నప్పుడు ముందే అనుకుని సిజేరియన్ చేసినంత మాత్రాన పిల్లలకి అదనంగా మేలు కనపడలేదు. అయితే రెండో బిడ్డ అడ్డం తిరిగితే సర్దగల డాక్టరు, పక్కనే థియేటరు ఉండాలి. ఇంకా ముఖ్యమైనది, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే సూచన ఉంటే పిల్లల ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, 24 గంటల తేడాతో రెండు. ఆ సంగతి డాక్టరుని మీరే అడగండి. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుడితే నెల తిరిగేలోపు కంటి పరీక్ష తప్పకుండా చేయించాలి, డిశ్చార్జి అయ్యాక అందరూ మర్చిపోయేది అదే.

రామ్మూర్తినగర్_తాత:
ఇంటికి తెచ్చాక పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి పొగ వేస్తే జలుబు దరి చేరదు.

రాత్రి_డ్యూటీ:
వద్దు! ఆక్సిజన్ మీద ఉండి వచ్చిన పిల్లలకి పొగా? దయచేసి ఎవరూ ఈ మాట వినకండి. మళ్లీ వార్డుకి వచ్చేది ఆ పొగ వల్లే.

రామ్మూర్తినగర్_తాత:
సరేనమ్మా. నెలలు నిండని పిల్లల సంగతి నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెద్ద చిన్న విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

బనశంకరి_హిందూపురం:
నాకు ప్రైవేటులో కట్టే స్తోమత లేదు, మా ఆవిడ వాణీ విలాస్ సర్కారు ఆసుపత్రిలో కన్నది. జనం ఎక్కువ, నిలబడటానికి చోటు ఉండదు, కానీ నా ఇద్దరు కూతుళ్లు ఈ రోజు స్కూలుకి వెళ్తున్నారంటే అక్కడి డాక్టర్లే కారణం. తల్లి ముందు డిశ్చార్జి అయింది, పిల్లలు లోపలే. ఇంట్లో పాలు తీసి చిన్న స్టీలు డబ్బాల్లో పోసి, మూత మీద టైము రాసి, ఐస్ ప్యాకుల మధ్య పెట్టుకుని రోజుకి రెండుసార్లు బైకు మీద తీసుకెళ్లేవాణ్ణి. గుంత వచ్చిన ప్రతిసారీ డబ్బా మీద చెయ్యి వేసేవాణ్ణి. తర్వాత చొక్కా గుండీలు విప్పి పిల్లని ఛాతీ మీద పడుకోబెట్టుకోమన్నారు, కంగారూ పద్ధతి, తండ్రి కూడా చేయవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. గంటసేపు కదల్లేదు. సెలవు గురించి అడిగారు కదా, పుట్టిన రోజుకే అంతా వాడెయ్యకండి, పిల్లలు ఇంటికొచ్చే రోజుకి దాచుకోండి. సెంట్రల్ గవర్నమెంటు వాళ్లకి 15 రోజులు ఇస్తారు, నాలాంటివాళ్లకి ఓనరు దయ.

కుందలహళ్ళి_కర్నూలు:
పక్కింటి ఆంటీ సంతకం ఎందుకు ఒప్పుకోలేదు? భార్య తనే పెట్టుకోవచ్చు కదా?

నెల్లూరు_చిన్నమ్మి:
నేనే పెట్టాను. నొప్పుల్లో.

సర్జాపుర_కావలి:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న తెల్లవారుజామున, 32 వారాల 3 రోజులకి. బాబు 4:12కి, పాప 4:14కి. 1.7, 1.5. స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి అడిగాను, రెండూ పడ్డాయి, మేడమ్ మీకు రుణపడి ఉంటాను. నన్ను లోపలికి రానిచ్చారు, ఆమె తల దగ్గర నిలబడ్డాను, ముందు గుడ్డ కట్టారు. ఇద్దరూ ఏడ్చారా అని అడిగింది. అప్పటికి ఒక్క ఏడుపే వినపడింది, అవునన్నాను. తర్వాత రెండోది కూడా వినపడింది, సన్నగా. ఇద్దరికీ ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టారు. ఆమెకి ఎల్లుండి డిశ్చార్జి అంటున్నారు. పాల డబ్బా గురించి ఎవరో రాశారు, అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?

బనశంకరి_హిందూపురం:
కొనకండి. మా డబ్బాలు, ఐస్ ప్యాకులు అటక మీదే ఉన్నాయి. ఈ రాత్రికి మరిగించి ఆరబెడతాను. ఏ హాస్పిటలో మెసేజ్ పెట్టండి, పొద్దున ఏడింటికి గేటు దగ్గర ఉంటాను.