ఒక జన్యువు, ఎన్ని ప్రొటీన్లు? ఆ "లక్ష" నిజంగా ఉందా?

బైపీసీ సార్, వరంగల్

మొన్న ఇంటర్ సెకండియర్ క్లాసులో ఏటా చెప్పేదే చెప్పాను. మనిషిలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000, ప్రొటీన్లు మాత్రం లక్షకు పైమాటే, ఎందుకంటే ఒక్క జన్యువు నుంచే కణం రకరకాల ప్రొటీన్లు చేసుకుంటుంది అని. వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఆ లక్ష ప్రొటీన్లనూ ఎవరైనా చూశారా సార్, లేకపోతే ఉంటాయని లెక్కేసుకున్నారా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి చదువుతుంటే, దీని మీద శాస్త్రవేత్తల్లోనే రెండు వర్గాలున్నాయని తెలిసింది.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. బీడిల్, టాటమ్ 1941లో చేసిన ప్రయోగాల నుంచి "ఒక జన్యువు, ఒక ఎంజైమ్" అన్న మాట పుట్టింది. 1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ బృందాలు అడినోవైరస్‌లో జన్యువు ముక్కలుముక్కలుగా ఉంటుందని కనిపెట్టాయి. వాళ్లిద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది. పనికొచ్చే ముక్కలు ఎక్సాన్లు, వాటి మధ్య ఉండేవి ఇంట్రాన్లు. జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ నకలు తీశాక కణం ఇంట్రాన్లను కోసేసి ఎక్సాన్లను అతుకుతుంది. దీన్నే స్ప్లైసింగ్ అంటాం. అతికేటప్పుడు ఒక్కోసారి ఏదో ఒక ఎక్సాన్‌ను వదిలేస్తుంది.

పిల్లలకు ఊరి పేరుతో చెబుతాను. రాజ, మహేంద్ర, వరం: మూడూ అతికితే గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. నడిమి ముక్క వదిలేస్తే రాజవరం, అది వేరే ఊరు. ఇప్పుడు నా ప్రశ్న: ఈ అతుకుల వల్ల నిజంగా లక్ష ప్రొటీన్లు వస్తున్నాయా? తెలిసినవాళ్లు కింద రాయండి.

ప్రొటీన్ తూకం

సార్, మీ స్టూడెంట్ సరైన చోట పట్టుకుంది. నేను మాస్ స్పెక్ట్రోమెట్రీ మీద పనిచేస్తాను, అంటే ప్రొటీన్‌ను ముక్కలు చేసి తూకం వేసే పని.

ఈ పెద్ద సంఖ్యలన్నీ ఆర్‌ఎన్‌ఏని చదివితే వచ్చినవి. ఒకటి కంటే ఎక్కువ ఎక్సాన్లున్న మానవ జన్యువుల్లో సుమారు 95 శాతం రకరకాలుగా అతుక్కుంటాయని 2008లో రెండు బృందాలు ప్రకటించాయి. నిజమే, కాదనను. కానీ అది ఆర్‌ఎన్‌ఏ మాట. ప్రొటీన్ల దగ్గరికొచ్చి తూకం వేస్తే ఎక్కువ జన్యువులకు ఒక్క ప్రధాన రూపమే కనిపిస్తుంది. స్పెయిన్‌లో మైఖేల్ ట్రెస్ బృందం ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. స్ప్లైసింగ్ చేసే యంత్రాంగం కూడా పొరపాట్లు చేస్తుంది. తప్పుగా అతికిన ఆర్‌ఎన్‌ఏలను చాలావరకు కణమే పట్టుకుని నాశనం చేస్తుంది, అందుకు దానికో ప్రత్యేక ఏర్పాటే ఉంది.

మీ ఉదాహరణతోనే చెబుతాను. "రాజహేంద్రవరం" అని ఒక బోర్డు దొరికిందనుకోండి. రాసినవాడు ఒక అక్షరం మింగేశాడని అనుకుంటాం గానీ, ఆ పేరుతో ఇంకో ఊరుందని బస్సు వేస్తామా? మనవాళ్లు బోర్డులు లెక్కపెట్టి ఊళ్లు ఇన్నున్నాయంటున్నారు. అందులో చాలావరకు చెత్తే.

డాక్టరు, గుంటూరు

"చెత్త" అన్న మాటతో నాకు పేచీ ఉంది.

సార్ చెప్పే ఇంటర్ పుస్తకంలోనే థైరోకాల్సిటోనిన్ ఉంది కదా, రక్తంలో కాల్షియం తగ్గించే హార్మోన్. 32 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది వచ్చే జన్యువులో ఆరు ఎక్సాన్లుంటాయి. థైరాయిడ్‌లోని సి కణాలు నాలుగో ఎక్సాన్‌ను ఉంచుకుని అక్కడితో ఆపేస్తాయి, కాల్సిటోనిన్ వస్తుంది. అదే జన్యువును నాడీకణాలు చదివేటప్పుడు నాలుగోదాన్ని వదిలేసి మూడును అయిదుకు, ఆరుకు కలుపుతాయి. అప్పుడు వచ్చేది 37 అమైనో ఆమ్లాల సీజీఆర్‌పీ. దానికీ కాల్షియానికీ సంబంధం లేదు. అది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, మైగ్రేన్ నొప్పిలో దాని పాత్ర ఉంది. దాన్ని అడ్డుకునే యాంటీబాడీ మందులు 2018 నుంచి వాడుకలోకి వచ్చాయి. సగం తల పగిలిపోతోందని చీకటి గదిలో పడుకునే పేషెంట్లను రోజూ చూసేవాణ్ని. వాళ్లను బాధపెడుతున్నది ఒక అతుకు తేడాతో పుట్టిన ప్రొటీన్. దాన్ని చెత్త అనలేను.

ఇంకోటి. మీ తూకం పద్ధతికీ ఒక గుడ్డిచోటు ఉంది. ప్రొటీన్‌ను ముక్కలు చేయడానికి మీరు వాడే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఎప్పుడూ లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల తర్వాతే కోస్తుంది. ఎక్సాన్లు చాలాసార్లు ఏఏజీ అక్షరాలతో ముగుస్తాయి. ఆర్‌ఎన్‌ఏలో మూడేసి అక్షరాలు ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తు, ఏఏజీ అంటే లైసీన్. అంటే ఏ అతుకైతే మనకు సాక్ష్యమో, సరిగ్గా అక్కడే మీ కత్తి పడుతోంది. అతుకు ముక్క కనిపించలేదంటే అది లేదనా, మనమే కోసేశామనా?

ప్రొటీన్ తూకం

డాక్టరు గారూ, ట్రిప్సిన్ మాట ఒప్పుకుంటాను. మా ల్యాబ్‌లోనూ ఇప్పుడు వేరే ఎంజైములు కలిపి వాడుతున్నాం. కాల్సిటోనిన్ మీద కూడా నాకు అభ్యంతరం లేదు. నా గొడవ ఆ ఒక్క ఉదాహరణ చూపించి మిగతా వేలకు వేలు అలాంటివే అనడం మీద. కాల్సిటోనిన్ సంగతి 1982 నుంచి తెలుసు. ఇన్నేళ్ల తర్వాత కూడా అంత స్పష్టమైన ఉదాహరణల కోసం వెతుక్కుంటున్నామంటే ఆలోచించాలి కదా. అదీగాక, ఒక్కోసారి మాత్రమే అతికే ఎక్సాన్లలో చాలావాటిని పరిణామం కూడా కాపాడుతున్నట్టు కనిపించదు. మనుషుల మధ్య వాటిలో మార్పులు యథేచ్ఛగా పేరుకుపోతున్నాయి.

ఎమ్మెస్సీ బయోకెమ్

స్ప్లైసింగ్ ఒక్కటే ఎందుకు చూస్తున్నారు? అపోబీ జన్యువు నుంచి కాలేయంలో 4,536 అమైనో ఆమ్లాల ప్రొటీన్ వస్తుంది, చిన్నపేగులో 2,152తో ఆగిపోతుంది. ఎక్సాన్లు అవే. పేగులో ఒక ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరాన్ని, సీని యూగా మారుస్తుంది. సీఏఏ కాస్తా యూఏఏ, అంటే "ఇక ఆపు". ఒక్క అక్షరంతో సగం ప్రొటీన్ తెగిపోయింది. ఆ పొట్టి రూపమే మనం తిన్న కొవ్వును పేగు నుంచి మోసుకెళ్తుంది.

పాప వాళ్లమ్మ

నేను బయాలజీ చదవలేదు, బీకాం. కానీ ఈ ఎక్సాన్ అన్న మాట మా ఇంట్లో రోజూ వినపడుతుంది, అందుకని రాస్తున్నాను. మా పాపకు ఎస్ఎంఏ, కండరాలకు బలం తగ్గిపోయే జబ్బు. ఆరు నెలలు దాటినా మెడ నిలపలేదు. రిపోర్టులో "ఎస్ఎంఎన్1 కాపీలు: 0, ఎస్ఎంఎన్2 కాపీలు: 3" అని ఉంది. దాని అర్థం తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఎస్ఎంఎన్1 అంటే కండరాలను నడిపే నాడీకణాలకు కావాల్సిన ప్రొటీన్ చేసే జన్యువు, పాపకు అది లేదు. ఎస్ఎంఎన్2 అనేది ఎస్ఎంఎన్1కి దాదాపు కవల. ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం సీ ఉండాల్సిన చోట టీ ఉంది. ఆ తేడా వల్ల అమైనో ఆమ్లం మారదట. కానీ అతికే యంత్రాంగం ఆ ఎక్సాన్‌ను సరిగా గుర్తించలేక వదిలేస్తుంది. అందుకే దాని నుంచి సరైన ప్రొటీన్ దాదాపు పదో వంతే వస్తుంది. పాప తాగే మందు రిస్డిప్లామ్ పని, ఆ ఏడో ఎక్సాన్‌ను వదలకుండా చూడటం. అన్నం తిన్నాక సూది లేని సిరంజిలో కొలిచి రోజూ ఒకే టైముకి పడతాను. వెన్నులోకి ఇచ్చే నుసినర్సెన్ కూడా ఇదే పని చేస్తుంది, అమెరికాలో 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది. పేపర్లలో చూసే 16 కోట్ల ఇంజెక్షన్ వేరు, అది కొత్త జన్యువునే పంపిస్తుంది.

ఇప్పుడు పాప దిండ్లు లేకుండా కూర్చుంటుంది. అతుకులు ముఖ్యం కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ప్రొటీన్ తూకం

అమ్మా, ముందు పాప బాగుండాలి. నేను రాసినదాంట్లో ఆ అర్థం వచ్చి ఉంటే క్షమించండి. స్ప్లైసింగ్ ముఖ్యం కాదని నేననడం లేదు.

అయినా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ ఉదాహరణే నా వాదనను అందరికంటే బాగా చెబుతోంది. ఏడో ఎక్సాన్ లేకుండా వచ్చే రూపం కణంలో నిలవదు, త్వరగా కరిగిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ చదివేవాళ్లకు అది "ఎస్ఎంఎన్ ప్రొటీన్ రెండో రూపం" అని లెక్కలోకి వస్తుంది. మీకూ, పాపకూ మాత్రం అది లేని ప్రొటీన్ కిందే లెక్క. లక్ష అన్న సంఖ్యలో ఇలాంటివి ఎన్ని కలిసిపోయాయో చూడమంటున్నాను.

డాక్టరు, గుంటూరు

ఇది ఒప్పుకోవాల్సిన మాటే. నేను ఇలా ఆలోచించలేదు.

అయితే నాడీకణాల సంగతి మర్చిపోకండి. అక్కడ 3 నుంచి 27 అక్షరాల బుల్లి ఎక్సాన్లుంటాయి. అంటే ఒకటి నుంచి తొమ్మిది అమైనో ఆమ్లాలు, అంతే. వాటిని పరిణామం ఎంతో జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది. ఆటిజం ఉన్న కొందరి మెదడు కణజాలంలో అవి అతుక్కోవడం తగ్గినట్టు 2014లో చూశారు. కాలేయ కణజాలం తూచి మెదడు గురించి తీర్పు చెప్పకూడదు. అతుకుల గొప్పతనం ఎక్కడైనా ఉంటే అది ముందు మెదడులో, కండరంలో ఉంటుందని నా నమ్మకం.

బైపీసీ సార్, వరంగల్

ఇవాళ క్లాసులో బోర్డు మీద "లక్ష" చెరిపేసి "20,000 జన్యువులు, అంతకంటే ఎక్కువ ప్రొటీన్లు, ఎన్నన్నది ఇంకా తేలలేదు" అని రాశాను. ఆ అమ్మాయి "తేలలేదు" కింద గీత గీసుకుంది. కాల్సిటోనిన్ బొమ్మ వేసి చూపించాను, అందరికీ అర్థమైంది. ఎస్ఎంఎన్ చెప్పబోయి ఆగాను. ఇంకొకరి బిడ్డ సంగతి అడగకుండా పాఠం చేయడం బాగోదనిపించింది. అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే, పేరు లేకుండా చెప్పమంటారా?

పాప వాళ్లమ్మ

చెప్పండి సార్. రిపోర్టులో పేరు, నంబరు కొట్టేసి ఫోటో పంపిస్తాను. మూడో వరుసలో ఎస్ఎంఎన్2 కాపీలు అని ఉంటుంది, పెన్సిలుతో గుండ్రంగా చుట్టి ఉంచాను. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.