అపార్ట్‌మెంట్‌లో అందరం కలిసి కూరగాయల తోట: చేసినవాళ్లు చెప్పండి (బెంగళూరు)

హూడి వాసి:
మా అపార్ట్‌మెంట్ వెనక రెండు వేల చదరపు అడుగుల జాగా ఖాళీగా పడుంది. 60 ఫ్లాట్లు. అందరం కలిసి కూరగాయలు, ఆకుకూరలు వేద్దామంటే అసోసియేషన్ వాళ్లు ‘ఏం లాభం? బురద, దోమలు’ అంటున్నారు. ఆదివారం మీటింగ్. లాభాలేంటి, నీళ్లు ఎక్కణ్ణుంచి, కోసినవి ఎలా పంచుకోవాలి?

సర్జాపుర రోడ్డు:
వద్దండీ. మా దగ్గర 30 మంది పేర్లిచ్చారు, మూడో నెలకి నేనూ, పై ఫ్లోర్ ఆంటీ మిగిలాం. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి పందిరి మీద ఒక్క సొరకాయ లేదు. రోజూ బిందెతో నీళ్లు మోసింది నేను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

మారతహళ్లి కోడలు:
మా మామగారి సంగతి చెప్తాను. అత్తయ్య పోయాక కనిగిరి నుంచి తీసుకొచ్చాం. కన్నడం రాదు, టీవీ ముందు నుంచి లేచేవారు కాదు. మా కింద మళ్లు వేసినప్పటి నుంచి పొద్దున ఆరింటికల్లా దిగిపోతున్నారు. హాసన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు తోడు. ఈయన తెలుగులో, ఆయన కన్నడంలో, చిక్కుడు పాదు దగ్గర గంటసేపు మాట్లాడుకుంటారు. షుగర్ మాత్ర మర్చిపోయారా అని ఆయనే ఫోన్ చేస్తాడు. కూరగాయలు ఎన్ని వచ్చాయో నేను లెక్క పెట్టలేదు. గోంగూర మాత్రం వేసి లాభం లేదు, ఈ ఊళ్లో పులుపే రాదు.

గుంటూరు మిర్చి:
నిజం. బెంగళూరు చల్లదనానికి గోంగూర చప్పబడిపోతుంది. మా అమ్మ ఊరి నుంచి పంపితేనే పచ్చడి.

వరంగల్ అన్న:
గోంగూర కాదు, పుంటికూర. మా బాల్కనీల పెంచిన పుంటికూర తింటే పండ్లు పులుస్తయ్. ఊరి మీద ఎందుకు తోస్తరు? మీకు పెంచుడు రాదు, అంతే.

గుంటూరు మిర్చి:
మాకు పెంచడం రాదా? మూడు తరాలుగా వ్యవసాయం మాది. మాట జాగ్రత్త.

విత్తనాల పని:
అగ్రికల్చర్ బీఎస్సీ చేసి 18 ఏళ్లుగా విత్తనాల రంగంలో ఉన్నాను, వినండి. మీరిద్దరూ వేరువేరు మొక్కల గురించి కొట్టుకుంటున్నారు. ఎర్ర కాడది ఒక జాతి, పులుపు ఎక్కువ. గోగునార తీసే మొక్క ఇంకో జాతి, దాని ఆకు కమ్మగా ఉంటుంది. రెండింటినీ గోంగూర అనే అమ్ముతారు, ఇక్కడివాళ్లు పుండి సొప్పు అంటారు. విత్తనం ఏదో చూసుకోకుండా ఊరిని తిట్టకండి. ఇంకోటి, పగటి పొద్దు తగ్గితే ఇది పూతకొస్తుంది. జూన్‌లో విత్తితే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు. అక్టోబర్‌లో విత్తితే జానెడు ఎదగకముందే మొగ్గ.

గుంటూరు మిర్చి:
పుస్తకం చదివి చెప్పకండి సార్. మా ఊరి ఎర్ర కాడ విత్తనమే తెచ్చి వేశాను.

విత్తనాల పని:
ఎండ ఎంతసేపు పడుతుంది అక్కడ?

గుంటూరు మిర్చి:
పొద్దున రెండు గంటలు. అయితే ఏంటి?

వరంగల్ అన్న:
అట్ల చెప్పు మరి! ఆరు గంటలన్న ఎండ లేకుంటే ఏ కూర గట్టిగొస్తది? నీడల ఆకు వెడల్పయి పలచగైతది.

కె.ఆర్.పురం:
గోంగూర పక్కన పెట్టి నీళ్ల సంగతి చూడండి. 2024 మార్చిలో తాగే నీళ్లు తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుందా? అప్పుడు మా దగ్గర ఎస్‌టీపీ నీళ్లతోనే, అంటే శుద్ధి చేసిన మురుగు నీళ్లతోనే వంగ, బెండ బతికాయి. కానీ మా సెక్రటరీ అదే నీళ్లు కొత్తిమీరకీ, పుదీనాకీ కొట్టించాడు. పచ్చిగా తినే ఆకు మీద ఆ నీళ్లు చల్లుతారా? చిన్నపిల్లలున్న ఇళ్లండీ. గొడవ పడి ఆపించాను.

సర్జాపుర రోడ్డు:
మా దగ్గర ఒక కంపెనీకి లక్ష కట్టాం, ఎర్రమట్టి పోసి వెళ్లిపోయారు. వానకి అది ఇటుకలా బిగుసుకుపోయింది.

విత్తనాల పని:
ఎర్రమట్టికి సగం కంపోస్టు కలపాలి. అసోసియేషన్‌కి చెప్పాల్సింది కూడా అదే. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు లోపలే ఎరువుగా మార్చుకోవాలని 2016 చెత్త నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. మీది చిన్నదైనా ఆ ఎరువు వాడుకోవడానికి తోట కావాలి. తొక్కల మీద ఎండుటాకు వేయకపోతే మాత్రం కంపు కొడుతుంది, మర్నాడే కమిటీ మూసేయిస్తుంది. టమాటాకైతే హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ వేయండి. ఆకుముడతనీ, బాక్టీరియా ఎండు తెగులునీ తట్టుకుంటుంది. హైబ్రిడ్ కాబట్టి విత్తనం దాచుకోవద్దు.

మారతహళ్లి కోడలు:
దోమలు మట్టిలో పుట్టవని చెప్పండి. కుండీల కింద పళ్లాల్లో నీళ్లు వారానికోసారి పారబోస్తే చాలు. మా మామగారి డ్యూటీ అదే.

హూడి వాసి:
అందరికీ థాంక్స్. పంపకాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మారతహళ్లి కోడలు:
ఇంటికో మడి ఇవ్వండి, మడి మీద ఫ్లాట్ నంబర్ రాయండి. ఆకుకూర, కరివేపాకు ఉమ్మడి. రెండు వారాలు పట్టించుకోని మడి వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి. మొదట్లో ఈ రూల్ పెట్టలేదు, నాలుగు ఇళ్లవాళ్లు మాటలు మానేశారు.

గుంటూరు మిర్చి:
వరంగల్ అన్నా, మీ విత్తనం ఏ కాడది?